పడవ ఆట చేసిన మనిషి

పోయిన నెల రేషన్ కార్డుకి ఫోటో కావాలంటే బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఫోటో ల్యాబుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నా మొహం చూడకుండానే "కూర్చోండి" అంది. లోపలి గదిలో రెండో కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన సెలవా అమ్మా?" అన్నాను.

"ఏ ఆయనండీ?"

"లోపల పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఆయన. బక్కగా ఉంటాడు, కళ్లజోడు తాడుకి కట్టుకుని."

అప్పుడు తలెత్తింది. "ఆయన పోయారు కదండీ. వారం దాటింది. కామెర్లు ముదిరాయంట." అని, అదే ఊపులో, "మీకు కాపీలు ఎనిమిదా, పదహారా?" అంది.

ఎనిమిది అన్నాను. అలాంటి కబురు విన్న మనిషి లేచి బయటికి రావాలి. నేను మాత్రం ఎనిమిది అని చెప్పి, కాలరు సర్దుకుని, లైట్ల ముందు కూర్చున్నాను. ఆ ఫోటోల్లో నా మొహం మండిపోతూ ఉంటుంది. నాకు కోపం లేని రోజు ఉండదు కనక చూసినవాళ్లెవరూ తేడా కనిపెట్టలేదు.

నా సంగతి రెండు ముక్కలు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కోర్టు గోడ పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టాను, ప్రెస్సులో అక్షరాలు పేర్చాను. కంప్యూటర్లు వచ్చాక ఏ ఇన్‌స్టిట్యూట్‌కీ ఫీజు కట్టకుండా పుస్తకం ముందేసుకుని డీటీపీ నేర్చుకున్నాను. గవర్నర్‌పేటలో ఒక కాంప్లెక్సు మేడ మీద గది తీసుకుని శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, సొంత ఖర్చుతో అచ్చేయించుకునే కవుల పుస్తకాలు చేశాను. రెండేసి డిగ్రీలున్నవాళ్లు తప్పులు రాసిస్తే దిద్ది, దిద్దినందుకు వాళ్లచేతే మాటలు పడ్డాను. అందుకని నాకు నోరెక్కువ. బజార్లో ఎవడు తప్పు మాట్లాడినా మాస్టారు వదలడు అని పేరు. ఆ పేరుకి నేను తగనని తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను పోయాడు.

తొంభైలు అయిపోవస్తున్న రోజుల్లో నా గదికి ఎదురుగది అద్దెకి తీసుకుని, నాలుగు కంప్యూటర్లు పెట్టి గేమ్స్ పార్లర్ తెరిచాడు. అప్పటికి అతనికి ముప్ఫై దాటి ఉండవు. బోర్డు మీద అక్షరం తప్పుందని చెప్పడానికి నేను లేవబోతుంటే అతనే నా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు.

"మాస్టారూ, గళ్ల కాయితం ప్రింటు తీసిస్తారా?"

"గ్రాఫ్ కాయితం స్టేషనరీ కొట్లో దొరుకుద్దిగా."

"ఆ గళ్లు చాలవండి. అంగుళానికి పదహారు కావాలి. అడ్డం పదహారు, నిలువు పదహారు. గీత సన్నంగా ఉండాలి, కనపడీ కనపడనట్టు."

"ఏం చేస్తావ్?"

"చెట్టు వేస్తానండి."

వాళ్లది బందరు దగ్గర మగ్గాల ఊరు. తండ్రి చీరల అంచులకి డిజైన్లు వేసేవాడట, గళ్ల కాయితం మీదే. ఆయన హంసలూ చిలకలూ వేసిన పద్ధతిలో ఇతను తను సొంతంగా కడుతున్న కంప్యూటర్ ఆటకి చెట్లూ మబ్బులూ మనుషులూ వేసేవాడు. రెండూ ఒకే పని అని అతని వాదన. "గడి నింపితే పోగు పైకి లేస్తుంది, వదిలేస్తే కిందుంటుంది. తెర మీదా అంతేగా మాస్టారూ, గడి వెలిగితే ఉంది, లేకపోతే లేదు" అనేవాడు. పార్లర్లో కాలేజీ కుర్రాళ్లు కార్ల రేసులాడుతూ అరుస్తుంటే, వెనక నిలబడి కార్లని కాదు, పక్కనుంచి వెళ్లిపోయే చెట్లని చూసేవాడు. పెదవులు కదుపుతూ గళ్లు లెక్కపెట్టుకునేవాడు. కూర్చున్నాడంటే బల్ల కింద ఎడం కాలు ఆగేది కాదు, మగ్గం గుంటలో కాలు ఆడించినట్టు. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే అందరూ హ్యాంగయింది అంటారు. అతను "పోగు తెగిందండి" అనేవాడు. ఆ తెగిన పోగు కోసం సాయంత్రం దాకా వెతుక్కునేవాడు. వచ్చిన టీ చల్లారి మీగడ కట్టేది.

అప్పట్లో నాకు తెలిసిన ప్రతి కంప్యూటర్లోనూ విండోస్ ఉండేది. ప్రతిదాంట్లోనూ దొంగదే. కవరు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసిన సీడీ బజార్లో ఎవరిని అడిగినా ఇచ్చేవారు. ఒకరోజు మధ్యాహ్నం పార్లర్ తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే ఆడేవాళ్లెవరూ లేరు. నాలుగు తెరల మీదా నల్లటి పలక, దాని మీద తెల్ల అక్షరాలు జలజలా జారిపోతున్నాయి. అతను నేల మీద కూర్చుని, ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీ అట్ట చదువుకుంటున్నాడు.

"ఏమయ్యా, వైరస్సా?"

"లినక్స్ అండి. విండోస్ తీసేసి దీన్ని ఎక్కిస్తున్నా."

"నాలుగింట్లోనా?"

"నాలుగింట్లోనూ."

"కార్ల రేసు ఇందులో ఆడుద్దా?"

"ఆడదండి."

"క్రికెట్టు?"

"అదీ ఆడదు. తంటాలు పడితే కొన్ని ఆడించొచ్చంటున్నారు."

"మతి పోయిందా నీకు? మరెందుకు తియ్యడం?"

సీడీ అట్ట పక్కన పెట్టాడు. "మా నాన్న ఒక అంచు కట్టాడు మాస్టారూ, ఆర్నెల్లు కూర్చుని. మామిడి పిందె మీద చిలక. పది చీరలు బజారుకి వెళ్లాయో లేదో, పవర్‌లూమ్ వాళ్లు అదే అంచు దింపేశారు. మా నాన్న ఆ చీర ఒకటి కొనుక్కొచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిలక కంటి దగ్గర ఆయన ఒక గడి తప్పేశాడండి. ఆ తప్పు కూడా అలాగే దింపారు. ఇప్పుడు నేను దొంగ సీడీ మీద కూర్చుని నా ఆట కడితే, రేపు దాన్ని ఇంకోడు దింపితే, ఏ మొహం పెట్టుకుని అడుగుతా? ఈ లినక్స్ ఎవరైనా వాడుకోవచ్చంట. చేసినవాళ్లే చెప్పారు."

నేను కూర్చుని పనిచేసే మిషన్లో ఉన్నది ఏమిటో అతనికి తెలుసు. నా తెలుగు ఫాంట్లు ఏ సీడీలోంచి వచ్చాయో కూడా తెలుసు. ఆ మాట ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. నేను మాత్రం చాలా అన్నాను. ఊరంతటికీ ఒక దారి, నీకో దారా అన్నాను. నువ్వొక్కడివీ సత్యవంతుడివైతే లోకం బాగుపడుద్దా అన్నాను. అన్నిటికీ అతను తల ఊపి, "నిజమేనండి, కానీ అది నాది కాదు కదండీ" అనేవాడు.

కుర్రాళ్లు వారంలో మొహం చాటేశారు. పార్లర్ తలుపు మీద లినక్స్ గుర్తు, ఆ పెంగ్విన్ పక్షి బొమ్మ అంటించాడు. మా బజార్లో పెంగ్విన్ని ఎవరు చూశారు? బాతు అన్నారు. కింద క్యాసెట్ల కొట్టాయన మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "ఏమండీ బాతుగారూ, గుడ్లెంత?" అనేవాడు. "ఇంకా పెట్టలేదండీ, పెట్టగానే మొదటిది మీకే" అని ఇతను మెట్లు ఎక్కి వచ్చేసేవాడు.

ఆ కష్టం చూసినవాణ్ణి నేనే. ఆ కంప్యూటర్లో నెట్‌కి కలిపే మోడెమ్ విండోస్ మాట తప్ప వినదు. లినక్స్ గురించి అనుమానమొస్తే లినక్స్‌లోంచి అడగడానికి లేదు. తెర మీద వచ్చిన తప్పుల్ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులో రాసుకుని, రెండు వీధుల అవతల నెట్ సెంటరుకి వెళ్లి, అక్కడ విండోస్ ముందు కూర్చుని, ఏ దేశంలోనో ఉన్న మనిషిని అడిగేవాడు. జవాబొస్తే అదీ చేత్తో రాసుకొచ్చి ఇక్కడ కొట్టేవాడు. ఒక చుక్క తప్పితే మళ్లీ రెండు వీధులు. మే నెల ఎండలో ఆ నోటుబుక్కు నెత్తిన పెట్టుకుని పోతుంటే చూసి, ఇంత చదువు ఏ కాలేజీ చెప్పింది ఇతనికి అని నాలో నేను మండిపడ్డాను. ఎవరి మీదో తెలియదు. ఇతన్ని పనికిరానివాడనే వాళ్లందరి మీదా కావచ్చు.

శబ్దం రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. స్పీకర్లోంచి నీళ్ల చప్పుడు. బందరు కాలవ గట్టు మీద టేప్‌రికార్డరు పెట్టి పట్టుకొచ్చాడట.

"ఎలా ఉందండి?"

"బాత్రూములో కుళాయి వదిలేసినట్టుంది."

పగలబడి నవ్వి, నోటుబుక్కు తీసి రాసుకున్నాడు: "మాస్టారు - కుళాయి." మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఈసారి కాలవ లాకుల దగ్గర కూర్చుని పట్టుకొచ్చాడు.

ఆ ఆట సంగతి నేనే చెప్పాలి. చివరిదాకా ఆడినవాణ్ణి నేనొక్కణ్ణే. బందర్లో చీరల మూటలు పడవకెక్కుతాయి. కాలవ మీద బెజవాడ చేర్చాలి, అంతే. కాల్చడాలు లేవు, తన్నుకోడాలు లేవు. గాలుంటే తెరచాప ఎత్తాలి. లేకపోతే గట్టు మీద మనిషి తాడు భుజాన వేసుకుని లాగాలి. లాకు వస్తే పడవ ఆపి, తలుపులు మూసి, లోపల నీళ్లు ఎక్కేదాకా ఆగాలి. లాకుల కాపలాదారు మధ్యాహ్నం పూట నిద్రపోతాడు. ఒకసారి పిలిస్తే లేవడు, రెండోసారి లేస్తాడు, మూడోసారి పిలిచామా, అలిగి తలుపే తియ్యడు. మబ్బు పడితే మూటల మీద టార్పాలిన్ కప్పాలి. ఏ మూట ఎంత తడిసిందో బెజవాడలో విప్పితే గానీ తెలియదు. వాళ్ల తాత నేసిన గుడ్డ అలాగే వచ్చేదట. దారి పొడుగునా చెట్లు, రేవులు, బట్టలుతికే వాళ్లు, గట్టు మీద సైకిలు తొక్కుతూ పడవతో పోటీపడే మనిషి. అన్నీ పదహారేసి గళ్లలో.

ఒక ఇంటర్ కుర్రాడు కాసేపు ఆడి అడిగాడు. "ఇందులో చచ్చిపోవడం ఉండదా అంకుల్?"

"ఉండదమ్మా. తడుస్తుందంతే."

ఆ కుర్రాడు మళ్లీ రాలేదు.

ఆ లినక్స్‌లో అప్పుడు తెలుగు సరిగా నిలిచేది కాదు. వత్తులు విడిపోయి పక్కన పడేవి. అందుకని ఆటలో ప్రతి మాటనీ బొమ్మలా గళ్లలో వేశాడు. అక్షరాలు దిద్దింది నేనే.

"'క్ష' పదహారు గళ్లలో పట్టట్లేదండీ."

"పట్టించు. నీ కోసం అక్షరం నడుం వంచుద్దా?"

"స్టార్ట్‌కి ఏం పెట్టమంటారు?"

"ప్రారంభము."

"'మొదలు' చాలదాండీ? సరే, ఎగ్జిట్‌కి?"

"నిష్క్రమణ."

"అమ్మో, అది చదివేలోపు వాడు స్విచ్చి కట్టేసి పోతాడు. 'చాలు' అని పెడతా. మరి గేమ్ ఓవర్‌కి?"

"ఆట ముగిసినది."

బల్ల కింద కాలు ఆగింది. "పడవ చేరలేదు కదండీ. 'గట్టెక్కలేదు' అంటే?"

నేను ఒకరి మాట ఒప్పుకోవడం అరుదు. "పెట్టు" అన్నాను.

పార్లర్ మూసేశాడు. మూడు కంప్యూటర్లు అమ్మేసి, ఒకటి భవానీపురంలో అద్దెగదికి తీసుకుపోయాడు. పగలు వాళ్లవీ వీళ్లవీ కంప్యూటర్లు బాగుచేసేవాడు, మిగిలిన పొద్దంతా ఆట. పెళ్లి మాటెత్తితే "ఆట అయ్యాక" అనేవాడు. అన్నగారు ఊళ్లో మగ్గం మీద ఉన్నాడు. ఆయన చూసి చూసి, వాళ్ల ఊరివాడే పెట్టిన ఫోటో ల్యాబులో ఇతనికి ఉద్యోగం మాట్లాడాడు. ఈ వేసవి చివరిదాకా చూస్తాను, అప్పటికి ఆట వల్ల బతుకుదెరువు కుదరకపోతే ల్యాబులో చేరతాను అని ఇతను మాటిచ్చాడు.

ఆ వేసవిలోనే దారి దొరికింది. హైదరాబాదులో పిల్లల సీడీలు చేసే ఒకాయనకి ఉత్తరం రాస్తే, శుక్రవారం తెచ్చి ఆడించి చూపించమన్నాడు. నచ్చితే ఇలాంటివే నా దగ్గర కూర్చుని చేద్దువుగాని అన్నాడట. ఆ మాట చెప్పడానికి నా దగ్గరికి వచ్చి, చెప్పులు విడవడం మర్చిపోయి లోపలికి నడిచిన ఒకే ఒక్క రోజు అది.

ఆదివారం గాలివాన పట్టింది. భవానీపురంలో పిడుగు పడింది. సోమవారం పొద్దున్నే కొత్త తువ్వాలులో ఏదో చుట్టి పట్టుకొచ్చాడు. హార్డ్ డిస్క్.

"కంప్యూటర్లో మదర్‌బోర్డు కాలిపోయింది మాస్టారూ. డిస్కు బతికింది. గుంటూర్లో ఒకతని దగ్గర పాత బోర్డు ఉందంట, వెళ్లి తెచ్చుకుంటా. గదిలో పైనుంచి కారుతోంది. ఇది మీ బీరువాలో పెట్టండి."

"ఇంకో కాపీ లేదా?"

"పాత సీడీలున్నాయండి. సీడీ రాసే డ్రైవు పోయి ఏడాదైంది. బోర్డు రాగానే ముందు ఆ పనే."

"నేను తీసిపెట్టనా?"

"వద్దండి. మీ విండోస్‌కి ఇది తెలీదు. ఊరికే అలా ఉంచండి చాలు."

అతను మామూలుగానే అన్నాడు. నాకు గుచ్చుకుంది. నీకు తెలీదు అన్న మాట జీవితంలో నేను పడ్డన్నిసార్లు ఎవరూ పడి ఉండరు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు వచ్చింది. బీరువా తీసి, తువ్వాలు విప్పి, నా కంప్యూటర్ మూత ఊడదీసి డిస్కు తగిలించాను. ఈ పని ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను.

డిస్కు రెండు భాగాలుగా కనపడింది. మొదటిది, పాత విండోస్ నాటి భాగం, తెరుచుకుంది. పార్లర్ రోజుల నాటి పాటలు, కార్ల రేసు, స్కాన్ చేసిన గళ్ల కాయితాలు వందలు, కాలవ ఫోటోలు, నీళ్ల చప్పుళ్లు. ఆట ఇదే అనుకున్నాను. రెండోది నొక్కితే తెర ఒక ప్రశ్న అడిగింది: ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా? ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

కొత్త ఫ్లాపీ పెట్టినప్పుడు కూడా అదే అడుగుతుంది. అంటే ఖాళీ అని నాకు తెలిసిన అర్థం. సగం డిస్కు ఖాళీగా పెట్టుకుని కాపీ లేదంటాడేమిటి ఈ మనిషి అనుకున్నాను. ఆ ఖాళీ సగాన్ని సిద్ధం చేసి, ఈ సగంలో ఉన్నదంతా అందులో ఇంకో కాపీ తీసి ఉంచితే, రేపు ఒకటి చెడినా ఒకటుంటుంది. "అవును" నొక్కాను. ఫార్మాట్ అయ్యాక కాపీ మొదలుపెట్టాను. పని సగంలో వదిలే అలవాటు లేదు నాకు. ఇక చోటు లేదు అని అది చెప్పేదాకా నింపాను. డిస్కు ఊడదీసి, తుడిచి, తువ్వాలులో అలాగే చుట్టి, బీరువాలో పెట్టి, కిందకెళ్లి టీ తాగాను. అంత తృప్తిగా టీ తాగిన రోజులు నాకు ఎక్కువ లేవు.

మర్నాడు బోర్డు తెచ్చి నా బల్ల మీదే బిగించాడు. స్విచ్చి వేస్తే నల్లతెర. తన సీడీ పెట్టి మళ్లీ వేశాడు, ఏదో కొట్టాడు, చదివాడు, మళ్లీ కొట్టాడు. తెర మీంచి కళ్లు తియ్యకుండా అడిగాడు.

"మాస్టారూ, దీన్ని దేనికైనా తగిలించారా?"

"తగిలించాను. నీకు కాపీ తీసిపెట్టాను. ఖాళీగా ఉన్న సగంలో."

"ఖాళీగా ఉన్న సగంలో."

"ఫార్మాట్ కాలేదంది. చేసి..."

"ఎంతవరకు నింపారండి?"

"చోటు లేదనేదాకా."

"చోటు లేదనేదాకా" అన్నాడు తనూ, పాఠం అప్పజెప్పినట్టు. ఫార్మాట్ చేసి ఊరుకున్నా ఎంతోకొంత వెనక్కి లాగవచ్చట. దాని మీద నిండా రాసేస్తే ఇక లేదట. ఇది నేను గుచ్చి గుచ్చి అడిగితే తర్వాత చెప్పాడు. ఆట అంతా, ఆరేళ్ల రాత అంతా ఆ రెండో సగంలో ఉంది. అది లినక్స్ పద్ధతిలో రాసిన చోటు. దాన్ని చదవడం విండోస్‌కి రాదు. చదవడం రాదు అని అది చెప్పదు. అక్కడ ఏమీ రాసి లేదన్నట్టే అడుగుతుంది.

నా ఎనిమిదో తరగతి చూసి ఈ ముసలాడికి ఏమీ రాదన్నవాళ్లు చేసింది అదే. తమకి చదవడం రాని చోట ఏమీ లేదన్నారు. జీవితమంతా ఆ మాట మీద పోట్లాడినవాణ్ణి. అదే మాట తెర మీద కనపడగానే అవునని నొక్కాను. ఎవరి మీద అరవను?

పాత సీడీలు పదకొండు తెచ్చాడు. ఆ గది వేడికి కొన్ని పొర లేచిపోయాయి, కొన్ని తిరుగుతూనే ఉన్నాయి గాని తెరుచుకోలేదు. ఒక్కటి తెరుచుకుంది. అందులో పడవ బందర్లో బయల్దేరి మొదటి లాకు దగ్గర ఆగింది. ఆ లాకుకి అప్పటికింకా తలుపులు చెయ్యలేదు. గోడ ముందు పడవ ఊగుతూ ఉంది. ఇద్దరం చాలాసేపు చూశాం.

గురువారం ఎస్టీడీ బూత్‌లోంచి హైదరాబాదుకి ఫోన్ చేశాడు. అద్దం తలుపు సరిగా పడదు, బయట నిలబడి విన్నాను. "డిస్కు పోయింది సార్... లేదు సార్, ఏం మిగల్లేదు... కాదండి, ఎవరి తప్పూ కాదు. పిడుగు." బయటికొచ్చి కళ్లజోడు తుడుచుకున్నాడు. "మళ్లీ చేశాక రమ్మన్నాడండి" అన్నాడు.

అందరికీ పిడుగనే చెప్పాడు. బజార్లో పిడుగు మాట నిలవలేదు, వాళ్లకి కావలసిన మాట వాళ్లు కట్టుకున్నారు. వారం తర్వాత టీ బండి దగ్గర క్యాసెట్ల కొట్టాయన అందుకున్నాడు. "చూశారా మాస్టారూ, ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుంటే ఇంతే మరి. లినక్స్ తినేసింది మనోడి ఆటని. బాతు గుడ్డు మింగేసింది. మీరు చెప్పండి, కాదా?"

అతను పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బజారంతా నా నోటికేసి చూసింది. ప్రభుత్వాన్ని తిట్టిన నోరు, కలెక్టరాఫీసులో గుమస్తాని నిలబెట్టి వ్యాకరణం అడిగిన నోరు. నేను పేపరు మడతపెట్టి, "ఎండ ముదిరింది" అన్నాను.

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. "అవునండి, బాగా ముదిరింది" అన్నాడు.

మూడుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి నేను వెళ్లేసరికి ఊరికే కూర్చుని ఉన్నాడు. కాలు ఆడటం లేదు. "కాయితాలున్నాయిగా, బొమ్మలున్నాయిగా, రాయవయ్యా" అన్నాను.

"రాస్తున్నంతసేపూ, ముందు ఇంతకంటే బాగా రాశాననిపిస్తుందండి. ఆ ముందుది ఎలా రాశానో గుర్తురాదు. దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే కొత్తది రాదు. లాకులాయన అలగడం ఉంది చూశారా, అది ఎలా కుదిరిందో నాకే తెలీదు. ఏదో రోజు కుదిరింది."

వేసవి అయిపోయింది. ఫోటో ల్యాబులో చేరాడు. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ఫోటోలోంచి కత్తిరించి, ఎన్నడూ చూడని మంచుకొండల ముందు నిలబెట్టే పని. నేను ఒకసారి వెళ్లి వెనక నిలబడ్డాను. తెర మీద విండోస్.

"ఇది కొన్నదేనా?" అని నోరు జారాను.

నవ్వాడు. "అడక్కండి మాస్టారూ." మౌసు కదుపుతూనే, "ఇక్కడ పోగులు తెగవండి. హాయిగా ఉంది" అన్నాడు. మొన్న ఫోటోకి వెళ్లేదాకా ఇంక అటు వెళ్లలేదు నేను. ఏడాదికోసారి రోడ్డు మీద ఎదురైతే ఆగి, నా మోకాళ్ల సంగతి అడిగేవాడు. ఎన్నేళ్లు గడిచినా పిడుగే అనేవాడు. అతను తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి, ఇద్దరం కొట్టుకుని, ఎక్కడో తేలేవాళ్లం. ఆ అవకాశం ఇవ్వలేదు నాకు.

ల్యాబులో తేదీ అడిగి, పెద్దకర్మకి బందరు బస్సెక్కాను. వాళ్ల వీధిలో ఆ రోజు మగ్గాల చప్పుడు లేదు. షామియానా కింద భోజనాలకి బంతి కూర్చోబెట్టారు. అన్నగారే పప్పు బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ నా దగ్గర ఆగాడు. ఇతని పోలికే, ఇంకా బక్కన.

"బెజవాడ మాస్టారు మీరేనా అండీ? మావాడు చెప్పేవాడు. అక్షరాలు మీరే దిద్దిపెట్టారంటగా."

అవునన్నాను.

"ఏదో ఆట కట్టేవాడంట. మాకెప్పుడూ చూపిచ్చలా. అయ్యాక చూపిస్తా అనేవాడు. పిడుగు పడి పోయిందంటగా."

"పిడుగు కాదండి. నేనే చెరిపాను."

పక్క విస్తళ్ల వాళ్లు తల తిప్పారు. అన్నగారి మొహంలో కోపం రాలేదు. నేను ఆగాను, వస్తుందేమో అని. ఆయన బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏం చెరిపారండీ?"

"ఆటని. అందులో కాలవ ఉండేది. ఇక్కణ్ణించి బెజవాడ దాకా. పడవ."

"పడవా?"

"పడవ. దాంట్లో మీ తాతగారి మూటలు. వాన వస్తే కప్పాలి. లాకుల దగ్గర మనిషి నిద్రపోతుంటాడు, పిలవాలి..."

"ఎక్కడుండేదండీ అదంతా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఎడమ చెయ్యి చాపి చూపించాను. "ఇంత ఉంటుందండి. ఇంత దాంట్లో."

ఆయన వంగి నా అరచేతిలోకి చూశాడు. కాసేపు చూశాడు. తర్వాత నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి, "తినండి, చల్లారిపోద్ది" అని పక్క విస్తరి దగ్గరికి జరిగాడు.